ఇంజనీరు నుండి సంస్థాధిపతి వరకు

స్వాతంత్ర్యం వచ్చిన తరువాతి దశాబ్దంలో భారతదేశం చేపట్టిన భారీ పరిశ్రమలను తలచుకున్నప్పుడు సాధారణంగా ఉక్కు, విద్యుత్తు, యంత్రాలు గుర్తుకు వస్తాయి. 1959 ఫిబ్రవరిలో భిలాయిలోను, రూర్కెలాలోను తొలి బ్లాస్ట్ ఫర్నేసులు వెలిగాయి. మొదటిదానికి సోవియట్ యూనియన్, రెండవదానికి పశ్చిమ జర్మనీ, దుర్గాపూర్‌లోని మూడవ కర్మాగారానికి బ్రిటన్ సాంకేతిక సహాయం అందించాయి. యంత్రాలు విదేశాల నుండి ఓడలలో వచ్చాయి. వాటిని బిగించే విధానం విదేశీ నిపుణులు నేర్పారు. వాటిని నడిపే ఇంజనీర్లను దేశంలోని కళాశాలలు అందించాయి. అయితే వేలాది కార్మికులతో, కోట్ల రూపాయల పెట్టుబడితో, దేశమంతటా విస్తరించిన కొనుగోలుదారులతో కూడిన ఒక మహాసంస్థను శిఖరస్థానంలో ఉండి నడిపించగల వ్యక్తి ఏ ఓడలోనూ రాడు. ఆ వ్యక్తిని దేశమే తయారుచేసుకోవలసి వచ్చింది.

తొలి రోజులలో ప్రభుత్వరంగ సంస్థల అధిపతులలో పలువురు సివిల్ సర్వీసు నుండి వచ్చినవారే. జిల్లాలను, శాఖలను సమర్థంగా నడిపిన ఆ అధికారులకు పరిపాలన తెలుసు. కాని లోహశాస్త్రం, టర్బైన్ల నిర్మాణం, ఉత్పత్తి వ్యయం వారికి కొత్త విషయాలు. ఇంజనీర్లకు యంత్రం క్షుణ్ణంగా తెలుసు. కాని బ్యాలెన్స్ షీటు చదవడం, కార్మిక సంఘంతో ఒప్పందం కుదుర్చుకోవడం, మంత్రిత్వశాఖకు సమాధానం చెప్పుకోవడం వారి చదువులో ఎక్కడా లేవు. ఈ రెండు లోపాలలో రెండవదాన్ని సరిదిద్దడం తేలికని ఆ రోజులలో చాలామంది భావించారు. అనుభవం చూస్తే అది అంత తేలిక కాదని తేలింది.

వృత్తి మారినంత పని

సాంకేతిక నిపుణుడు పై పదవికి వెళ్ళడమంటే చేస్తున్న పనినే పెద్ద ఎత్తున చేయడం కాదు. దాదాపు వృత్తి మారడమే. ఇంజనీరు ఎదుర్కొనే సమస్యకు సాధారణంగా ఒక సరైన సమాధానం ఉంటుంది. బేరింగు వేడెక్కితే దానికి కారణం ఉంటుంది, వెదికితే దొరుకుతుంది. దొరికిన తరువాత ఎవరూ వాదించరు. సంస్థాధిపతి ముందుకు వచ్చే సమస్యలలో అధికభాగం అటువంటివి కావు. నష్టపోతున్న విభాగాన్ని మూసివేయాలా, మరి రెండేళ్ళు ఓర్చుకోవాలా? స్వదేశంలో రూపకల్పన చేయాలా, విదేశీ సాంకేతిక పరిజ్ఞానం కొనాలా? ఈ ప్రశ్నలకు లెక్క కొంతదూరమే తోడు వస్తుంది. మిగిలిన దూరం నిర్ణయం తీసుకున్నవాడు ఒంటరిగా నడవాలి. తప్పయితే బాధ్యత కూడా అతనిదే.

మరొక భేదం ఇంతకంటె సూక్ష్మమైనది. ఇంజనీరుకు గౌరవం తన చేతి పనితనం వలన లభిస్తుంది. నాయకుడికి ఇతరుల పనితనం వలన లభిస్తుంది. ఇరవై సంవత్సరాలు తానే అందరికంటె బాగా చేయగలనన్న నమ్మకంతో ఎదిగిన వ్యక్తి, తనకంటె తక్కువగా చేసే మరొకరికి ఆ పనిని అప్పగించి ఊరకుండటం నేర్చుకోవాలి. ఇది పుస్తకం చెప్పే పాఠం కాదు. అప్పగించలేని అధికారి బల్లమీద ఫైళ్ళు పేరుకుంటాయి. కింది అధికారులు నిర్ణయాలు తీసుకోవడం మానేస్తారు. మంచి ఇంజనీరును పైకి పంపి, చివరకు ఇంజనీరునూ కోల్పోయి, నాయకుణ్ణీ పొందలేని సంస్థలు ప్రభుత్వరంగంలోను, ప్రైవేటు రంగంలోను కూడా కనిపిస్తాయి.

హైదరాబాదులోని ఒక ప్రయోగశాల

ఈ అవసరాన్ని గుర్తించి 1950వ దశకంలో కొన్ని ప్రయత్నాలు ప్రారంభమయ్యాయి. ప్రభుత్వరంగ సంస్థలకు నిర్వాహకులను సమకూర్చేందుకు 1957లో కేంద్ర ప్రభుత్వం పారిశ్రామిక నిర్వహణ కూటమి అనే పథకాన్ని ప్రకటించింది. ఆలోచన మంచిదే గాని ఒక విడత నియామకాలతోనే అది ఆగిపోయింది. 1961లో కలకత్తాలోను, అహమ్మదాబాదులోను ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లు ఆవిర్భవించాయి. మొదటిదానికి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, రెండవదానికి హార్వర్డ్ విశ్వవిద్యాలయం సహకరించాయి. అహమ్మదాబాదు సంస్థకు తొలి గౌరవ సంచాలకులుగా వ్యవహరించినవారు భౌతికశాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ కావడం ఈ సందర్భంలో గమనార్హం. 1973లో బెంగళూరులో ఇటువంటిదే మరొక సంస్థ వెలసినప్పుడు ప్రభుత్వరంగ సంస్థల అవసరాలు దాని దృష్టిలో ప్రముఖంగా ఉన్నాయి.

వీటన్నింటికంటె ముందుగా, 1956లో, హైదరాబాదులో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఇంగ్లండులోని హెన్లీలో రెండవ ప్రపంచ యుద్ధానంతరం నెలకొన్న స్టాఫ్ కాలేజి దీనికి నమూనా. ఒకప్పుడు బేరార్ యువరాజు నివాసమైన బెల్లా విస్టా భవనం దీనికి నెలవైంది. భారత సైన్యాధిపతిగా పనిచేసి విశ్రాంతి పొందిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ దీనికి మొదటి ప్రిన్సిపాల్. పారిశ్రామిక నిర్వాహకుల కళాశాలకు సేనాని అధిపతి కావడం వింతగా తోచవచ్చు. కాని వేర్వేరు దళాల అధికారులను ఒకేచోట కూర్చోబెట్టి ఉన్నత బాధ్యతలకు సిద్ధపరచే సంప్రదాయం సైన్యంలో ముందునుండీ ఉన్నదే; స్టాఫ్ కాలేజి అన్న పేరే అక్కడిది.

ఇక్కడ అనుసరించిన బోధన పద్ధతిని కొంత వివరంగా చూడవలసి ఉంది. శిక్షణకు వచ్చినవారిని పదిమంది లేక పన్నెండుమంది చొప్పున చిన్న బృందాలుగా విభజించేవారు. వీటిని సిండికేట్లు అనేవారు. ఒక్కొక్క బృందంలో ప్రభుత్వరంగ ఇంజనీరు, ప్రైవేటు కంపెనీ అధికారి, బ్యాంకు ఉద్యోగి, ప్రభుత్వ పరిపాలకుడు, సాయుధ దళాల అధికారి ఇలా భిన్నరంగాల వారు ఉండేటట్లు జాగ్రత్తపడేవారు. బృందానికి ఒక విషయం అప్పగిస్తే దానికి ఒక సభ్యుడు అధ్యక్షుడు, మరొకడు కార్యదర్శి. విషయం మారగానే ఆ స్థానాలు కూడా మారేవి. నిర్ణీత సమయంలో చర్చించి, నివేదిక తయారుచేసి, ఇతర బృందాల ముందు సమర్థించుకోవాలి. ఉపన్యాసాలకు స్థానం తక్కువ.

కర్మాగారంలో తన మాటకు ఎదురులేని ప్రధాన ఇంజనీరు ఈ బృందంలో అధ్యక్షుడైనప్పుడు అతని చేతిలో ఏ అధికారమూ ఉండదు. ఎదుటివారు అతని కింద పనిచేసేవారు కారు; అతని భయం వారికి లేదు. వారిని ఒప్పించడం తప్ప మార్గాంతరం లేదు. మరునాడు అతడే సాధారణ సభ్యుడై, తనకంటె చిన్నవాడు అధ్యక్షత వహించగా వినాలి. బ్యాంకు అధికారి ప్రశ్నించే తీరు, పరిపాలకుడు సందేహించే తీరు అతనికి మొదటిసారిగా దగ్గరగా కనిపిస్తాయి. పంజాబు, బెంగాలు, కేరళ, మహారాష్ట్రల నుండి వచ్చినవారు వారాల తరబడి ఒకే భోజనశాలలో భుజించి, ఒకే ప్రశ్నమీద కలహించి, ఒకే నివేదికపై సంతకాలు చేయడం వలన కలిగే లాభాన్ని వేరుగా చెప్పనవసరం లేదు. తరువాతి కాలంలో సంస్థల మధ్య ఎన్నో చిక్కులు విప్పిన పరిచయాలకు ఇటువంటి భోజనశాలలే పుట్టినిళ్ళు.

అహమ్మదాబాదు సంస్థ మరొక చిక్కును ముందుగానే పసిగట్టింది. శిక్షణ పొందిన ఒక్క అధికారి కొత్త ఆలోచనలతో తిరిగి వెళ్ళగా, పైవాడికి అవి అర్థంకాక, కిందివాడికి అవి అందక, కొద్ది నెలలలోనే అతడు పాత దారిన పడేవాడు. అందుచేత ఒకే సంస్థలోని మూడు అంతస్తుల అధికారులను కలిపి శిక్షణకు రప్పించే మూడంచెల కార్యక్రమాన్ని ఆ సంస్థ రూపొందించింది. ఉన్నతాధికారులు కొద్దిరోజులు, వారి కిందివారు ఎక్కువ రోజులు చదివేవారు. శిక్షణ వ్యక్తికి కాక సంస్థకు జరగాలన్న ఈ అవగాహన నేటికీ అనేక కంపెనీలకు అందలేదనే చెప్పాలి.

నాలుగు కర్మాగారాలు, ఒక సంస్థ

తరగతి గది ఎంత ఉపకరించినా నాయకుడు ప్రధానంగా పనిలోనే తయారవుతాడు. దీనికి భారత పారిశ్రామిక చరిత్రలో చక్కని నిదర్శనం వి. కృష్ణమూర్తి జీవితం. 1925లో తమిళనాట ఒక గ్రామంలో జన్మించిన ఆయన విద్యుత్ ఇంజనీరింగులో డిప్లొమా మాత్రమే చదివారు. మద్రాసు విద్యుత్ శాఖలో ఉద్యోగం చేసి, 1954లో ప్రణాళికా సంఘానికి వెళ్ళారు. అక్కడ దేశం మొత్తం మీద విద్యుత్ పథకాలను పరిశీలించే అవకాశం లభించింది. ఒక్క రాష్ట్రపు సబ్‌స్టేషన్లకు పరిమితమైన దృష్టి జాతీయస్థాయికి విస్తరించింది. 1960వ దశకంలో తిరుచిరాపల్లి బాయిలర్ల కర్మాగారం నిర్వహణ బాధ్యత, 1972లో భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ అధ్యక్ష పదవి ఆయనను వరించాయి. ఆయన మార్గంలో ఒక క్రమం ఉంది: మొదట క్షేత్రంలో పని, తరువాత విధానరూపకల్పన జరిగే చోట పని, ఆపైన లాభనష్టాలకు పూర్తిగా తానే బాధ్యుడైన ఒక కర్మాగారం, చివరకు సంస్థ.

ఆయన చేతికి వచ్చిన సంస్థ స్వరూపం విచిత్రమైనది. భోపాల్ కర్మాగారం బ్రిటిష్ కంపెనీ సహకారంతో పుట్టింది. హరిద్వార్ కర్మాగారం సోవియట్ సహకారంతోను, హైదరాబాదు సమీపంలోని రామచంద్రాపురం, తిరుచిరాపల్లి కర్మాగారాలు చెకోస్లోవేకియా సహకారంతోను వెలిశాయి. ప్రమాణాలు వేరు, నమూనాలు వేరు, ఇంజనీర్లు శిక్షణ పొందివచ్చిన దేశాలు వేరు. పైగా భోపాల్ కర్మాగారం వేరొక కంపెనీగా ఉండేది. ఒకే విద్యుత్ కేంద్రానికి కావలసిన బాయిలరు ఒకచోట, టర్బైను మరొకచోట, జనరేటరు ఇంకొకచోట తయారయ్యేవి. ఏదైనా ఆలస్యమైతే తప్పు తనది కాదని ప్రతి కర్మాగారమూ నిజాయితీగానే చెప్పగలిగేది. విద్యుత్ బోర్డుకు కావలసింది మాత్రం బాయిలరు కాదు, కరెంటు.

1974లో భోపాల్ కంపెనీని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్‌లో విలీనం చేశారు. ఆ సంవత్సరమే సంస్థ దీర్ఘకాలిక కార్పొరేటు ప్రణాళికను సిద్ధం చేసుకుంది. విడివిడి యంత్రాలను అమ్మే కర్మాగారాల సముదాయంగా గాక, విద్యుత్ కేంద్రాన్ని మొత్తంగా అందించగల ఒకే సంస్థగా ఆలోచించడం అందులోని ప్రధానాంశం. ఈ మార్పులో నాయకత్వ శిక్షణకు సంబంధించిన పాఠం దాగి ఉంది. టర్బైను ఇంజనీరు టర్బైను గురించి మాత్రమే ఆలోచించినంత కాలం అతడు ఎంత నిపుణుడైనా కర్మాగారం మనిషిగానే మిగిలిపోతాడు. విద్యుత్ కేంద్రం గురించి ఆలోచించడం మొదలుపెట్టిన రోజున అతడు సంస్థ మనిషి అవుతాడు. రామచంద్రాపురం ఇంజనీరుకు హరిద్వార్ చిక్కు తన చిక్కుగా కనిపించాలంటే ఉపదేశం చాలదు. సంస్థ నిర్మాణమే అతణ్ణి ఆ వైపుకు తిప్పాలి.

కృష్ణమూర్తి 1981లో మారుతి ఉద్యోగ్‌కు వెళ్ళినప్పుడు భారత్ హెవీ ఎలక్ట్రికల్స్‌లో వాణిజ్య వ్యవహారాలు చూసిన ఆర్.సి. భార్గవ కూడా ఆ సంస్థలో చేరారు. భార్గవ ఇంజనీరు కారు, ఐ.ఎ.ఎస్. అధికారి. సాంకేతిక నిపుణుడు పరిపాలన నేర్చుకోవడం ఎంత సాధ్యమో, పరిపాలకుడు పరిశ్రమను నేర్చుకోవడం కూడా అంతే సాధ్యమని చెప్పడానికి ఆయన తరువాతి జీవితం ఉదాహరణ. 1982 అక్టోబరులో జపాన్‌లోని సుజుకీ కంపెనీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న గుర్‌గావ్‌లో మొదటి కారు యజమాని చేతికి అందింది. ఇంజనీర్లను, కార్మికులను జపాన్ పంపి శిక్షణ ఇప్పించారు. అధికారికి, కార్మికుడికి ఒకే దుస్తులు, ఒకే క్యాంటీను అన్న నియమం అక్కడ అమలైంది. వరుసలో నిలబడి పళ్ళెం అందుకోవడం అలవాటైన ఇంజనీరు అధికారి అయిన తరువాత కార్మికుని మాట వినడానికి ప్రత్యేక తరగతి అవసరం పెద్దగా ఉండదు. 1985లో ఉక్కు ప్రాధికార సంస్థ అధ్యక్షులైన కృష్ణమూర్తి అక్కడ కూడా వేలాది ఉద్యోగులతో నేరుగా చర్చించాకే సంస్కరణలకు పూనుకున్నారు. 2022లో ఆయన దివంగతులయ్యారు.

వైఫల్యం ఎవరిది?

సాంకేతిక నాయకుని తయారీలో అందరూ చర్చించే అంశాలు శిక్షణ, బదిలీలు, పదోన్నతులు. తక్కువగా చర్చకు వచ్చేది పైవాడి ప్రవర్తన. కంపెనీ కాకపోయినా భారత అంతరిక్ష పరిశోధన సంస్థ చరిత్రలోని ఒక ఘట్టం ఇక్కడ ప్రస్తావించదగినది. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టును మొదటిసారి ప్రయోగించారు. రెండవ దశ నియంత్రణ వ్యవస్థ విఫలమై రాకెట్టు బంగాళాఖాతంలో కూలిపోయింది. ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం. ఆనాడు పత్రికల ముందుకు వచ్చి వైఫల్యానికి సమాధానం చెప్పినవారు మాత్రం సంస్థ అధ్యక్షులు సతీశ్ ధవన్. 1980 జులై 18న అదే తరహా రాకెట్టు రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినప్పుడు ధవన్ పత్రికల ముందుకు కలాంను పంపారు. ఈ సంగతిని కలాం తరువాతి సంవత్సరాలలో ఎన్నో సభలలో చెప్పుకున్నారు.

ఇందులోని ఔదార్యం అందరికీ కనిపిస్తుంది. ఉపయోగం కొందరికే కనిపిస్తుంది. 1979లో కలాంను పత్రికల ముందు నిలబెట్టి ఉంటే 1980లో ఆయన సాహసించి నిర్ణయాలు తీసుకోగలిగేవారా అన్నది అసలు ప్రశ్న. పెద్ద బాధ్యత ఇచ్చి, తప్పు జరిగిన మొదటిసారే వ్యక్తిని బలిచేసే సంస్థలో రెండవ వరుస నాయకులు తయారుకారు. తప్పు చేయని అధికారులు తయారవుతారు. అంటే ఏ నిర్ణయమూ తీసుకోనివారు.

కంప్యూటర్ల యుగం

1968లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ ప్రారంభమైన తరువాత దాన్ని తీర్చిదిద్దిన ఎఫ్.సి. కోహ్లీ విద్యుత్ ఇంజనీరు. కెనడాలోను, మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోను చదివి, టాటా విద్యుత్ కంపెనీలలో రెండు దశాబ్దాలకు దగ్గరగా పనిచేసిన అనుభవంతో ఆయన ఈ కొత్త రంగంలోకి వచ్చారు. ఆయన చేతి కింద 1972లో చేరిన ఎస్. రామదొరై 1979లో అమెరికాలో సంస్థ కార్యాలయాన్ని తెరవడానికి న్యూయార్కు వెళ్ళారు. పరికరాల మధ్య పెరిగిన యువ ఇంజనీరు పరాయి దేశంలో కొనుగోలుదారుల తలుపు తట్టి, కాదన్నవారిని మళ్ళీ కలిసి, అద్దె నుండి ఒప్పందం దాకా తానే చూసుకోవలసి వచ్చింది. 1996లో ఆయన సంస్థాధిపతి అయ్యారు. 1987లో చేరిన ఎన్. చంద్రశేఖరన్ 1990వ దశకం చివర రామదొరైకి కార్యనిర్వాహక సహాయకులుగా ఉండి పై స్థాయి నిర్ణయాలు ఎలా పుడతాయో పక్కనే కూర్చుని చూశారు; 2009లో సంస్థాధిపతి, 2017లో టాటా సన్స్ అధ్యక్షులు అయ్యారు. మూడు తరాలలో ఒక్కరూ బయటినుండి దిగుమతి కాలేదు.

తెలుగునాట పుట్టి విదేశీ సంస్థలలో శిఖరాన్ని అందుకున్నవారి జీవితాలు కూడా ఇదే చెబుతాయి. హైదరాబాదులో జన్మించి మణిపాల్‌లో విద్యుత్ ఇంజనీరింగు చదివిన సత్య నాదెళ్ళ 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఉద్యోగం చేస్తూనే వారాంతాలలో షికాగోకు ప్రయాణించి అక్కడి విశ్వవిద్యాలయంలో నిర్వహణ శాస్త్రంలో పట్టా పొందారు. వేర్వేరు విభాగాలను నడిపాక 2014 ఫిబ్రవరిలో ఆ కంపెనీ అధిపతి అయ్యారు. చేరిన నాటికి, ఆ స్థానానికి మధ్య ఇరవై రెండు సంవత్సరాలు. పత్రికలు పదవిని గురించి రాశాయి. ఆ ఇరవై రెండు సంవత్సరాలను గురించి రాసినది తక్కువ.

ఇదే హైదరాబాదులో దీనికి విరుద్ధమైన అనుభవం కూడా ఎదురైంది. సత్యం కంప్యూటర్స్ సంస్థ తన అధికారుల నాయకత్వ శిక్షణకు ప్రత్యేక పాఠశాలనే నడిపింది. 2009 జనవరి 7న సంస్థ ఖాతాలలోని అంకెలు ఏళ్ళ తరబడి కల్పితాలని దాని అధ్యక్షులు బి. రామలింగరాజు స్వయంగా లేఖ రాసి అంగీకరించారు. 2015లో న్యాయస్థానం ఆయనను, మరికొందరిని దోషులుగా నిర్ణయించింది. వేలాది ఇంజనీర్లు కొనుగోలుదారులకు సక్రమంగా పని చేసిపెడుతూనే ఉన్నారు. పై అంతస్తులో లెక్కలు మరొక కథ చెబుతున్నాయి. ఖాతాలు, ఆడిట్, డైరెక్టర్ల బాధ్యతలు ఆర్థిక విభాగం వారి సంగతి అని ఇంజనీరు వదిలివేయడం ఎంత ప్రమాదకరమో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. అదే సమయంలో మరొక విషయం కూడా చెప్పాలి. ప్రభుత్వం నియమించిన కొత్త డైరెక్టర్ల మండలి 2009 ఫిబ్రవరిలో సంస్థ నిర్వహణను సంస్థలోనే ఎదిగిన ఎ.ఎస్. మూర్తికి అప్పగించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్ళేవరకు సంస్థ కూలిపోకుండా నిలిచింది. కొనుగోలుదారుల పనిని, ఉద్యోగుల మనసును ఎరిగిన రెండవ వరుస ఉండటం వలన ఎంత మేలు జరుగుతుందో ఆ వారాలలో తెలిసివచ్చింది.

కొన్ని చిక్కులు

ఇరవై రెండవ ఏట ఉద్యోగంలో చేరిన ఇంజనీరు అరవయ్యవ ఏట విరమిస్తాడు. ప్రతి మెట్టుమీద నియమిత కాలం ఆగుతూ పోతే జనరల్ మేనేజరయ్యేసరికి యాభై దాటుతుంది. డైరెక్టరయ్యేసరికి మరికొన్ని సంవత్సరాలు. శిఖరాన్ని చేరినవానికి మిగిలేది రెండు మూడు సంవత్సరాలు. ఒక ఉక్కు కర్మాగారపు విస్తరణ అంతకంటె ఎక్కువ కాలం పడుతుంది. తాను ప్రారంభించినది పూర్తికావడం చూడలేని అధిపతి కొత్తది ప్రారంభించడానికి జంకడం మానవ సహజం. ప్రభుత్వరంగ సంస్థల ఉన్నత పదవులకు అర్హులను ఎంపిక చేయడానికి 1974లో పబ్లిక్ ఎంటర్‌ప్రైజెస్ సెలక్షన్ బోర్డు ఏర్పడింది. ఎంపిక పద్ధతికి దానివలన ఒక క్రమం వచ్చింది. కాలం కొరత మాత్రం తీరలేదు. ముప్పై అయిదేళ్ళ వయసులోనే కొందరిని గుర్తించి చిన్నదైనా సంపూర్ణ బాధ్యత గల ఒక విభాగాన్ని అప్పగిస్తే తప్ప ఈ చిక్కు వీడదు. దీనికి అడ్డుపడేది నియమావళి కంటె, వరుస తప్పిందన్న ఫిర్యాదుకు ఉన్న భయమే.

స్త్రీల విషయంలో దారి మరీ ఆలస్యంగా తెరుచుకుంది. రూర్కెలాలో విద్యుత్ ఇంజనీరింగు చదివి 1984లో జాతీయ అల్యూమినియం కంపెనీలో శిక్షణార్థి ఇంజనీరుగా చేరిన సోమా మండల్ 2021 జనవరిలో ఉక్కు ప్రాధికార సంస్థకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. కర్మాగారంలో రాత్రిపాళీ, మారుమూల ప్రాంతాలకు బదిలీ స్త్రీలకు తగవని ఏళ్ళ తరబడి తప్పించినవారే, ఉన్నత పదవి వచ్చేసరికి వారికి క్షేత్రానుభవం లేదని చెప్పడం పరిపాటిగా ఉండేది.

మరొక ప్రశ్న ప్రతి నిపుణుడూ నాయకుడు కావాలా అన్నది. జీతం, హోదా, కారు అన్నీ నిర్వాహక పదవికే ముడిపెడితే పరిశోధనలో ఆనందించే శాస్త్రజ్ఞుడు కూడా ఇష్టంలేని కుర్చీ వైపు నడుస్తాడు. అణుశక్తి, అంతరిక్ష శాఖలు శాస్త్రజ్ఞులకు ఖాళీలతో నిమిత్తం లేకుండా ప్రతిభను బట్టి పదోన్నతి ఇచ్చే పద్ధతిని అవలంబించాయి. ఐ.బి.ఎం. కంపెనీ 1960వ దశకంలోనే ఉత్తమ సాంకేతిక నిపుణులకు ఫెలో అనే అత్యున్నత హోదాను ఏర్పరచింది. రెండు నిచ్చెనలున్న చోట నాయకత్వం నిచ్చెన ఎక్కేవాడు కోరుకుని ఎక్కుతాడు.

కాకినాడ నుండి ఢిల్లీ వరకు

ఈ చర్చలోని పలు అంశాలు ఒక్కచోట కలిసిన జీవితం ఇ. శ్రీధరన్‌ది. కేరళలో జన్మించి, కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలలో సివిల్ ఇంజనీరింగు చదివి ఆయన రైల్వేలలో చేరారు. 1964 డిసెంబరు తుఫానులో పాంబన్ వంతెన కొట్టుకుపోయినప్పుడు పునరుద్ధరణకు రైల్వే శాఖ ఆరు నెలల గడువు పెట్టింది. ఆయన పై అధికారి దాన్ని మూడు నెలలకు కుదించారు. యువ ఇంజనీరు శ్రీధరన్ 46 రోజులలో పూర్తిచేశారు. 1990లో కొంకణ్ రైల్వే కార్పొరేషన్‌కు అధిపతిగా వెళ్ళారు. సొరంగాలు, వంతెనలతో కూడిన ఆ మార్గంలో 1998 నాటికి రైళ్ళు నడిచాయి. ఆ సంస్థలో మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ ప్రభుత్వాలు కేంద్రంతో పాటు భాగస్వాములు కాబట్టి, కొండలను తొలవడంతో పాటు నాలుగు రాష్ట్రాలను ఒక తాటిమీద నడపడం కూడా ఇంజనీరు పనే అయింది.

1997లో ఢిల్లీ మెట్రో నిర్వాహక సంచాలకులైనప్పుడు సిబ్బందిని ఎంచుకునే స్వేచ్ఛ తనకు ఉండేటట్లు ఆయన చూసుకున్నారు. సంస్థను చిన్నదిగా ఉంచి, నిర్ణయాధికారాన్ని కార్యక్షేత్రంలోని ఇంజనీర్లకు పంచారు. గడువుకు ఇంకా ఎన్ని రోజులున్నాయో చూపే గడియారాలను కార్యాలయాలలో అమర్చారు. 2002 డిసెంబరులో షాదరా నుండి తీస్ హజారీ వరకు మొదటి భాగం ప్రారంభమైంది. ఆ సంవత్సరాలలో ఆయనతో పాటు పనిచేసిన ఇంజనీర్లకు టెండరు నుండి ప్రజల ఫిర్యాదు దాకా ప్రతిదీ తమ చేతుల మీదుగా సాగింది. దేశంలోని ఇతర నగరాలు మెట్రో రైలు తలపెట్టినప్పుడు ఈ అనుభవం కోసం ఢిల్లీ వైపే చూశాయి.

2011 డిసెంబరు చివరన శ్రీధరన్ పదవీ విరమణ చేశారు. ఆయన స్థానంలోకి వచ్చిన మంగూ సింగ్ రూర్కీలో సివిల్ ఇంజనీరింగు చదివి, కలకత్తా మెట్రో నిర్మాణంలో పనిచేసి, 1997లో, అంటే పనులు ఇంకా మొదలుకాని రోజులలో, ఢిల్లీ మెట్రోలో చేరినవారు. సంస్థలోని ఒక్కొక్క బాధ్యతను మోసుకుంటూ వచ్చిన ఆయన 2012 జనవరి 1 నుండి పది సంవత్సరాలకు పైగా ఆ స్థానంలో కొనసాగారు.